హెల్మెట్ రూల్ వెనక ఒక ప్రాణం: ఆండ్రీ కివిలెవ్

పొద్దున్నే ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు సైకిళ్ల మీద వెళ్లేవాళ్లలో కొందరి హెల్మెట్ హ్యాండిల్‌కి వేలాడుతుంటుంది. మొన్నటిదాకా నాదీ అంతే. "ఉక్కపోత బాబోయ్" అనే సాకు. అందుకే ఈరోజు కివిలెవ్ కథ.

1973లో కజకిస్థాన్‌లో పుట్టాడు. 2001 టూర్ డి ఫ్రాన్స్‌లో ఒక వానరోజు, ముందుకు దూసుకెళ్లిన చిన్న గుంపులో తనూ ఉన్నాడు. మిగతావాళ్లు అరగంటకు పైగా వెనకబడ్డారు. చివరికి నాలుగో స్థానం!

2003 మార్చి 11న పారిస్-నీస్ రేసులో మరో ఇద్దరు రైడర్లతో ఢీకొని పడ్డాడు. తలకి హెల్మెట్ లేదు. మర్నాడు చనిపోయాడు. వయసు 29 ఏళ్లే.

అసలు విషయం ఇక్కడుంది. 1991లోనే సైక్లింగ్ అంతర్జాతీయ సంఘం యూసీఐ హెల్మెట్ తప్పనిసరి చేయబోయింది. అదే పారిస్-నీస్‌లో రైడర్లు అడ్డం తిరిగారు, యూసీఐ వెనక్కి తగ్గింది. కివిలెవ్ పోయాక, 2003 మేలో రూల్ వచ్చింది.

హెల్మెట్ లోపలి ఫోమ్ తను నలిగిపోయి, తలకి తగిలే దెబ్బని తగ్గిస్తుంది. అందుకే గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ మళ్లీ వాడకూడదు.

పన్నెండేళ్ల ముందు వద్దన్న రూల్ అది. మనం మాత్రం ఎవరో పోయేదాకా ఆగొద్దు. రేపు పొద్దున ముందు క్లిప్పు, తర్వాతే పెడల్. ఉంటా మరి!