కథలో డ్యూసెల్‌డార్ఫ్, కెమెరాలో హాంబర్గ్

కథ ప్రకారం వాళ్లున్నది డ్యూసెల్‌డార్ఫ్‌లో. కెమెరా తిరిగింది హాంబర్గ్ వీధుల్లో. వాళ్లు ఇటుక మీద ఇటుక పేర్చిన సైటు మాత్రం అసలు జర్మనీలోనే లేదు. లండన్‌కు ఉత్తరాన బోర్‌హమ్‌వుడ్ అనే చిన్న పట్నంలో, ఓ టీవీ స్టూడియో వెనకున్న ఖాళీ స్థలంలో ఉంది. ‘ఔఫ్ వీడర్‌జేన్, పెట్’ అనే బ్రిటిష్ సీరియల్ అభిమానులు నలుగురు ఒకచోట చేరితే, మాటలు ఎక్కడ మొదలైనా ఈ మూడు ఊళ్ల చిక్కుముడి దగ్గరికే వచ్చి ఆగుతాయి. ఏ సీను ఏ ఊరిది? ఆ వీధి ఇప్పుడూ అలాగే ఉందా? ఫలానా గోడ నిజంగా కట్టారా, సెట్టేనా?

1983 నవంబర్ 11న ఐటీవీలో మొదలైన ఈ సీరియల్ పేరుకి కామెడీ. పొట్ట చేతపట్టుకుని పరాయి దేశం పోయిన కూలీల కథ కాబట్టి, నవ్విస్తూనే మధ్యలో గొంతు పట్టేలా చేస్తుంది. పేరులో మొదటి సగం జర్మన్ల వీడ్కోలు. రెండో సగం న్యూకాజిల్ వాళ్లు కావలసినవాళ్లను పిలుచుకునే పిలుపు. మొదటి విడతలో 13 ఎపిసోడ్లు వచ్చాయి. ఊహ దర్శకుడు ఫ్రాంక్ రోడమ్‌ది. తన సొంత ప్రాంతమైన టీసైడ్ నుంచి తాపీ పనికి జర్మనీ వెళ్లొచ్చినవాళ్ల కబుర్లు ఆయన చెవిన పడ్డాయి. రచన డిక్ క్లెమెంట్, ఇయాన్ లా ఫ్రెనే జంటది. అప్పటికే ‘ది లైక్లీ లాడ్స్’, ‘పోరిడ్జ్’ సీరియళ్లతో బ్రిటన్‌లో ఇంటింటికీ తెలిసిన పేర్లు అవి.

మనుషులు ఏడుగురు. న్యూకాజిల్ వైపు నుంచి ముగ్గురు తాపీమేస్త్రీలు: పెద్దరికం నెత్తినేసుకునే డెన్నిస్, కొత్త పెళ్లాన్ని వదిలి వచ్చి కుమిలిపోయే నెవిల్, ఎవరితోనైనా గొడవకు కాలు దువ్వే ఆజ్. మిగతా నలుగురిలో లండన్ వడ్రంగి వేన్‌కి ఆడపిల్లల ధ్యాస తప్ప మరోటి లేదు. ఎలక్ట్రీషియన్ బ్యారీ నోరు తెరిస్తే మిగతావాళ్లు పారిపోతారు. బ్రిస్టల్ భీముడు బాంబర్, లివర్‌పూల్ ప్లాస్టరింగ్ మేస్త్రీ మాక్సీ చివరి ఇద్దరు. ఆజ్‌గా వేసిన జిమ్మీ నెయిల్ వృత్తి నటుడు కాదు, అంతకుముందు బ్యాండులో పాటలు పాడుకునేవాడు. కానీ తెర మీద అతను కనిపిస్తే మిగతావాళ్లు కాస్త వెనక్కి జరగాల్సిందే. బ్యారీగా నవ్వించిన తిమొతీ స్పాల్‌ను మన పిల్లలు హ్యారీ పాటర్ సినిమాల్లో ఎలుకగా మారే పీటర్ పెటిగ్రూగా చూశారు. బాంబర్‌గా వేసిన ప్యాట్ రోచ్ నిజంగానే కుస్తీ యోధుడు. 1984లో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్’లో అమ్రిష్ పురి ముఠాలోని భారీ కాపలాదారు ఇతనే. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ మాంత్రికుడి అనుచరుడు జర్మనీలో ఇటుకలు మోశాడన్నమాట.

ఈ కథ ఎక్కడినుంచి పుట్టిందో తెలియాలంటే ఆనాటి ఇంగ్లండ్ ఉత్తరాదిని చూడాలి. 1980లో కాన్‌సెట్ ఉక్కు కర్మాగారం మూతపడింది. 1982 జనవరికి బ్రిటన్‌లో నిరుద్యోగులు 30 లక్షలు దాటారు. ఊళ్లో పని లేదు, ఇంటి అద్దె ఆగదు. 1973లో బ్రిటన్ ఐరోపా ఆర్థిక కూటమిలో చేరడంతో పశ్చిమ జర్మనీలో పని చేసుకోవడానికి దారి తెరుచుకుంది. అక్కడ కూలీ మార్కుల్లో వచ్చేది. అదే 1973లో జర్మనీ విదేశాల నుంచి కూలీలను పిలిపించుకునే ఒప్పందాలను ఆపేసింది. 1961 ఒప్పందంతో మొదలై అప్పటికే లక్షల మంది తుర్కులు అక్కడ స్థిరపడ్డారు. అంటే ఒకప్పుడు ప్రపంచంలో సగాన్ని ఏలామని చెప్పుకునే దేశపు మేస్త్రీలు, యుద్ధంలో తాము ఓడించిన దేశానికే వెళ్లి, ఆ తుర్కులు ఎక్కిన పరంజాలే ఎక్కారు. సీరియల్‌లోని హాస్యమంతా ఈ తలకిందుల వ్యవహారంలోంచే పుట్టింది.

కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పాఠకులకు ఇందులో విడమరిచి చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు. దుబాయ్ సోనాపూర్ లేబర్ క్యాంపుల్లో మనవాళ్లు మంచం పక్కన మంచం వేసుకుని గడిపిన జీవితాన్ని 2017లో వచ్చిన తెలుగు సినిమా ‘గల్ఫ్’ చూపించింది. ఆ ఏడుగురు ఉన్నదీ అలాంటి గూట్లోనే. ఒక చెక్క షెడ్డు, వరసగా మంచాలు. పక్కవాడి గురక, ఉతకని సాక్సులు, ఇంటినుంచి వచ్చే ఉత్తరం కోసం ఎదురుచూపు. పాత యుద్ధ సినిమాలు చూసి పెరిగినవాళ్లు కాబట్టి, ఆ షెడ్డును చూడగానే వాళ్లకు యుద్ధఖైదీల శిబిరం గుర్తొస్తుంది. తేడా ఒక్కటే. ఇక్కడికి వాళ్లు తమంతట తామే వచ్చారు.

ఆ షెడ్డును వెతుక్కుంటూ జర్మనీ అంతా తిరిగినా దొరకదు. బోర్‌హమ్‌వుడ్‌లోని ఎల్‌స్ట్రీ స్టూడియో అప్పట్లో సెంట్రల్ టెలివిజన్ చేతిలో ఉండేది. దాని వెనక స్థలంలోనే షెడ్లు వేసి, సగం కట్టిన గోడలతో, మట్టికుప్పలతో ‘జర్మన్’ సైటును సిద్ధం చేశారు. 1984లో ఆ స్టూడియోను బీబీసీ కొనుక్కుంది. కొన్నది ముఖ్యంగా ‘ఈస్ట్‌ఎండర్స్’ కోసం. 1985 ఫిబ్రవరిలో ఆ సీరియల్ మొదలయ్యేసరికి, ఆజ్, నెవిల్ సిమెంటు కలిపిన జాగాలో తూర్పు లండన్ పేట ఆల్బర్ట్ స్క్వేర్ లేచి నిలబడింది. ఒకే నేల రెండేళ్ల తేడాతో ఒకసారి డ్యూసెల్‌డార్ఫ్, మరోసారి లండన్ అయింది. రెండింటినీ వారం వారం చూసిన ప్రేక్షకుల్లో చాలామందికి ఈ సంగతి ఏళ్ల తర్వాతగానీ తెలియలేదు.

ఇక హాంబర్గ్. బయటి దృశ్యాలు తీసింది ఇక్కడే. డ్యూసెల్‌డార్ఫ్‌కూ హాంబర్గ్‌కూ మధ్య దాదాపు 400 కిలోమీటర్లు. రెండూ నది ఒడ్డు ఊళ్లే అయినా ఒకటి రైన్ నదిది, మరోటి ఎల్బేది. హాంబర్గ్ పెద్ద ఓడరేవు, క్రేన్ల ఊరు. 1960ల తొలినాళ్లలో బీటిల్స్ కుర్రాళ్లు రాత్రంతా పాడుతూ రాటుదేలింది ఇక్కడి రీపర్‌బాన్ పేటలోనే. డ్యూసెల్‌డార్ఫ్ తీరు వేరు. పాతపేటలో 200కు పైగా బార్లు పక్కపక్కనే కిక్కిరిసి ఉంటాయి. అక్కడ తాగేది ముదురు రంగు ఆల్ట్‌బియర్, అదీ చిన్న చిన్న గ్లాసుల్లో. ఉత్తరాన హాంబర్గ్‌లో లేత రంగు పిల్స్‌దే రాజ్యం. కాబట్టి కంటికి పదునుంటే కథ చెప్పే ఊరికీ, తెర చూపే ఊరికీ తేడా పట్టుకోవచ్చు. కార్ల నంబరు ప్లేట్లు ఇంకా సులువైన ఆధారం. హాంబర్గ్ బండికి ‘హెచ్‌హెచ్’ ఉంటుంది, డ్యూసెల్‌డార్ఫ్ బండికి ‘డి’ ఒక్కటే. సీను నడుస్తుంటే టీవీని ఆపి వెనక ఆగిన బండి నంబరు చదివే అభిమానిని చూసి ఇంట్లోవాళ్లు తల పట్టుకోవడం సహజం. కథ మీద ప్రేమ ముదిరితే మనిషి ఇలాగే తయారవుతాడు.

మొదట్లోనే వచ్చే ఓ ఎపిసోడ్‌లో సైటు తవ్వుతుంటే పేలని బాంబు ఒకటి బయటపడుతుంది. రెండో ప్రపంచయుద్ధం నాటిది. దాన్ని వేసినవాళ్ల తర్వాతి తరమే ఇప్పుడు దాని పక్కన పార పట్టుకుని నిలబడ్డారు. ఇది రచయితల చమత్కారమని కొట్టిపారేయడానికి లేదు. 1943 జులై చివర్లో బ్రిటిష్, అమెరికన్ విమానాల దాడుల్లో హాంబర్గ్ కాలిపోయింది, 30 వేల మందికి పైగా చనిపోయారు. ఆనాడు పేలకుండా భూమిలో దిగబడిన బాంబులు జర్మనీలో నేటికీ పునాదులు తీసేటప్పుడు దొరుకుతూనే ఉన్నాయి. దొరికినప్పుడల్లా చుట్టుపక్కల వీధులు ఖాళీ చేయిస్తారు, రైళ్లు ఆపుతారు, నిపుణులు వచ్చి దాని నోరు మూయించేదాకా జనం బడి హాళ్లలో కూర్చుంటారు. జర్మనీలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో కొందరికి ఈ హడావిడి అలవాటే. చిత్రీకరణ ఏ ఊళ్లో జరిగినా, ఆ దేశాన్ని ఇంత నిజంగా పట్టిన సన్నివేశం ఈ సీరియల్‌లో మరొకటి లేదనిపిస్తుంది.

చూపేది ఒక ఊరు, తీసేది మరో ఊరు అన్న పద్ధతి బ్రిటిష్‌వాళ్ల సొత్తేమీ కాదు. జర్మన్ల ఆదివారం రాత్రుల్ని 1970 నుంచి ఏలుతున్న నేరపరిశోధన సీరియల్ ‘టాట్‌ఓర్ట్’లో మ్యూన్‌స్టర్ కథల్లో నవ్వుల వాటా ఎక్కువ. వాటిలో ఎక్కువ భాగం కొలోన్‌లో తీసి, ఊరు కనపడాల్సిన చోట మాత్రమే యూనిట్ మ్యూన్‌స్టర్‌కు కదులుతుంది. అయినా మ్యూన్‌స్టర్‌లో అభిమానులకు షూటింగ్ చోట్లు తిప్పి చూపే టూర్లు నడుస్తాయి. అదే ఊళ్లో జరిగే ‘విల్స్‌బెర్గ్’ సీరియల్ కథానాయకుడికి పాతపుస్తకాల కొట్టు ఉంటుంది. తెర మీద కనిపించే ఆ కొట్టు నిజంగానే ఉంది, పేరు జోల్డర్. పుస్తకాలు కొనేవాళ్లతోపాటు ఫొటో దిగిపోయేవాళ్లూ వస్తారు. గోదావరి ఒడ్డున కుమారదేవంలో వందలాది సినిమాల్లో కనిపించిన నిద్రగన్నేరు చెట్టు 2024 ఆగస్టులో కూలినప్పుడు జనం కడసారి చూపుకి వెళ్లినట్టు వెళ్లారు. తెర మీద చూసిన చోటును కళ్లారా చూసుకోవాలన్న తపన ఎక్కడైనా ఒక్కటే.

సీరియల్ జర్మనీలో ఆగిపోలేదు. 1986లో వచ్చిన రెండో విడత ఇంగ్లండ్‌లోని ఓ పాత బంగళా మరమ్మతుతో మొదలై స్పెయిన్ సముద్రతీరానికి చేరింది. స్పెయిన్‌కూ బ్రిటన్‌కూ నేరస్తుల అప్పగింత ఒప్పందం కొన్నేళ్లు లేకపోవడంతో లండన్ దొంగలు ఆ తీరానికి కాపురం మార్చిన కాలం అది. ఆ చిత్రీకరణ నడుస్తుండగానే 1985 అక్టోబర్ 25న వేన్ పాత్రధారి గ్యారీ హోల్టన్ 33వ ఏట చనిపోయాడు. ఆరుబయట సీన్లు అప్పటికే తీశారు, స్టూడియో లోపలి పని మిగిలిపోయింది. తిరిగి రాసినవి రాశారు, కొన్నిచోట్ల అతని పోలికలున్న మనిషిని పెట్టారు. అందుకే ఆ విడతలో వేన్ ఎండలో అందరితో కలిసి నడుస్తాడు, గదిలోకి వచ్చేసరికి ఎక్కడికో వెళ్లాడని మిగతావాళ్లు చెబుతారు. ఏది బయట తీశారో, ఏది స్టూడియోలో తీశారో చెప్పడానికి అభిమానులకు ఇంతకంటే స్పష్టమైన గుర్తు లేదు. అది తెలిశాక ఆ ఎపిసోడ్లు మునుపటిలా నవ్వించవు.

16 ఏళ్ల విరామం తర్వాత 2002లో మూడో విడతను బీబీసీ తెచ్చింది. ఈసారి మన మేస్త్రీలు మిడిల్స్‌బరోలోని ట్రాన్స్‌పోర్టర్ బ్రిడ్జిని విప్పదీసి అరిజోనాలోని ఆదివాసులకు అమ్ముతారు. 1911లో తెరిచిన ఆ ఉక్కు వంతెనకు వేలాడే బోను లాంటి బండి ఉంటుంది. 2019లో మూతపడేదాకా అది మనుషులను, వాహనాలను ఎక్కించుకుని టీస్ నది దాటించేది. తెర మీద గ్రాఫిక్స్ ఎంత బాగా కుదిరాయంటే, మా వంతెన నిజంగా పీకేశారా అని స్థానికులు ఫోన్లు చేశారు. వంతెన ఉన్నచోటే భద్రంగా ఉందని బీబీసీ ఎపిసోడ్ చివర ప్రకటన వేయాల్సి వచ్చింది. నాలుగో విడత కథ క్యూబాది, తీసింది డొమినికన్ రిపబ్లిక్‌లో. 2004 డిసెంబర్‌లో వచ్చిన ముగింపు భాగాలు లావోస్‌లో జరుగుతాయి, చిత్రీకరణ థాయిలాండ్‌లో. మొదటి రోజున పట్టుకున్న అలవాటును చివరి ఎపిసోడ్ దాకా వదల్లేదు. మొత్తం 40 ఎపిసోడ్లు.

హాంబర్గ్‌కు బ్రిటిష్ హాస్యంతో ఇంకో విచిత్రమైన బంధం ఉంది. ఏటా డిసెంబర్ 31 రాత్రి జర్మన్ ఇళ్లలో తప్పనిసరిగా చూసే ‘డిన్నర్ ఫర్ వన్’ను 1963లో అక్కడి ఎన్‌డీఆర్ టీవీ రికార్డు చేసింది. ముసలి దొరసాని, తాగి తూలుతూ వడ్డించే బట్లర్. మాటలన్నీ ఇంగ్లిషే, నటులిద్దరూ బ్రిటిష్‌వాళ్లే. జర్మన్లకు అందులో ప్రతి తూలుడూ కంఠతా వచ్చు. బ్రిటిష్ టీవీలో మాత్రం అది 2018 దాకా రానేలేదు. హాంబర్గ్‌లో తీసిన బ్రిటిష్ కామెడీల్లో ఒకటి జర్మన్లది, రెండోది బ్రిటిష్‌వాళ్లదీ అయి కూర్చున్నాయి.

ఐటీవీకి 60 ఏళ్లు నిండిన 2015లో రేడియో టైమ్స్ పత్రిక పాఠకులను ఓటు అడిగితే, ఆ చానల్ కార్యక్రమాల్లో అన్నిటికన్నా ఇష్టమైనదిగా ‘ఔఫ్ వీడర్‌జేన్, పెట్’నే ఎంచుకున్నారు. దాని తారల్లో డెన్నిస్‌గా వేసిన టిమ్ హీలీ, చనిపోయిన తోటి నటుడు శామీ జాన్సన్ జ్ఞాపకార్థం ‘సండే ఫర్ శామీ’ అనే ప్రదర్శనను న్యూకాజిల్‌లో నడిపిస్తూ వచ్చాడు. 2000లో మొదలైన ఆ వేదిక మీదికి సీరియల్ నటులు తమ పాత వేషాల్లో వచ్చి కొత్త హాస్యపు తునకలు ఆడిన సందర్భాలున్నాయి. టికెట్ల డబ్బు ఇంగ్లండ్ ఈశాన్యంలో కళల్లోకి రావాలనుకునే కుర్రాళ్లకు వెళుతుంది.