నొప్పిని అణచే తాళపుచెవులు

ఇటీవల మేము ఒక ఇంటికి పరామర్శకు వెళ్లాము. ఆ ఇంటి పెద్దావిడకు కాన్సరు ఎముకలకు ప్రాకింది. రాత్రంతా మూలుగుతూనే ఉన్నదట. డాక్టరుగారు వ్రాసిచ్చిన మార్ఫిన్ మాత్రలు మాత్రం బీరువాలో భద్రంగా ఉన్నాయి. "అది నల్లమందేనట కదండీ! అలవాటైపోతుందని ఇవ్వడం లేదు" అన్నాడు కుమారుడు. తల్లిమీద ప్రేమ లేక కాదు, భయంవల్ల అన్న మాట అది. ఈ భయం అనేక కుటుంబాలలో ఉన్నది గనుక, ఆ మందు శరీరంలో ఏమి చేస్తుందో తెలుసుకొందాము.

గసగసాల మొక్క పచ్చికాయకు గాటు పెడితే కారే పాలు ఎండి నల్లమందు అవుతుంది. 19వ శతాబ్దపు ఆరంభంలో జర్మనీ దేశస్థుడు సెర్ట్యూర్నర్ దానినుండి మార్ఫిన్‌ను వేరుచేశాడు. అది నొప్పిని ఎలా తగ్గిస్తుందో చాలాకాలం తెలియలేదు. 1973లో అమెరికాలో కాండేస్ పెర్ట్, సోలమన్ స్నైడర్ అనేవారు మెదడులో ఈ మందు అతుక్కొనే స్థానాలున్నవని ప్రయోగంద్వారా చూపారు. వీటినే రిసెప్టర్లు అంటారు. ఇవి తాళాలవంటివి, మందు తాళపుచెవి వంటిది.

గసగసాల పాలకు సరిపోయే తాళం మన తలలో ఎందుకున్నది? 1975లో స్కాట్లండులోని ఆబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ జవాబు కనుగొన్నారు. మన శరీరమే నొప్పిని అణచే పదార్థాలను తయారుచేసుకొంటున్నది. తాళాలు వాటికొరకే ఉన్నాయి. మార్ఫిన్ వాటికి సరిపోయిన మారు తాళపుచెవి మాత్రమే.

ఈ తాళాలలో ముఖ్యమైనవి మూడు రకాలు: మ్యూ, కప్పా, డెల్టా. మార్ఫిన్ ముఖ్యంగా మ్యూ తాళాన్ని తెరుస్తుంది. నొప్పి తగ్గేది దానివల్లనే. అయితే అదే తాళం ప్రేగులలోనూ, ఊపిరిని నడిపే మెదడు భాగంలోనూ ఉన్నది. అందుచేత మలబద్ధకం వస్తుంది, మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది. కప్పా తాళం తెరిచినా నొప్పి తగ్గుతుంది గాని, మనసుకు కలవరం, పీడకలలవంటి దృశ్యాలు కలుగవచ్చు. డెల్టా తాళంపై పరిశోధనలు ఇంకా జరుగుచున్నవి.

మందులన్నీ ఒకే తాళాన్ని ఒకే విధంగా తెరవవు. విరేచనాలకు వాడే లోపెరమైడ్ కూడా మ్యూ తాళపుచెవే. కాని మెదడు గుమ్మంలోనే దానిని వెనుకకు నెట్టివేసే ఏర్పాటు ఉన్నది గనుక, తగిన మోతాదులో అది ప్రేగులమీదే పనిచేస్తుంది. నలోక్సోన్ అనే ఇంజక్షన్ తాళంలో దూరుతుంది గాని తెరవదు. మార్ఫిన్‌ను బయటికి నెట్టి, ఆగిపోతున్న ఊపిరిని కొద్ది నిమిషాలలో తిరిగి తెస్తుంది. పెంటజోసిన్ కప్పాను తెరుస్తూ, మ్యూ తాళంలో మార్ఫిన్‌కు అడ్డుపడుతుంది. రోజూ మార్ఫిన్ తీసుకొనేవారికి, నొప్పి తగ్గుతుందని తెలియక ఈ ఇంజక్షన్ చేయిస్తే నొప్పి తిరగబెట్టి, వణుకు, చెమటలు పట్టవచ్చు. కాబట్టి ఊళ్లో ఎవరు సూదివేసినా, ముందుగా మాత్రల సంగతి చెప్పాలి.

ఇక అలవాటు మాట. ఎక్కువ రోజులు వాడితే శరీరం మందుకు అలవాటుపడుతుంది, హఠాత్తుగా మానకూడదు. కాని అది వ్యసనం కాదు. కాన్సరు నొప్పికి డాక్టరు చెప్పిన ప్రకారం వాడేవారిలో వ్యసనం అరుదు. వేళ తప్పకుండా ఇవ్వాలి. మత్తు, వికారం సాధారణంగా కొద్దిరోజులలో తగ్గుతాయి, మలబద్ధకం తగ్గదు. అందుకు మొదటిరోజునుండే విరేచనకారి మందు అడిగి తీసుకోవాలి. నెమ్మదిగా కరిగే మాత్రలను నూరకూడదు. పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచాలి, మరొకరి నొప్పికి ఇవ్వరాదు. రోగి లేపినా లేవక, ఊపిరి మరీ నెమ్మదిగా తీస్తున్న యెడల వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

1985నాటి చట్టపు కఠిన నిబంధనలవల్ల మన దేశంలో అనేక ఆసుపత్రులు ఈ మందును ఉంచడమే మానుకొన్నాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యశాలలకు దారి సులభం చేశారు. మన ఇళ్లలోని భయం మాత్రం ఇంకా సవరింపబడవలసి ఉన్నది.

ఆ కుమారుడు డాక్టరుగారిని మరల కలిసి, మాత్రలు వేళకు ఇవ్వడం మొదలుపెట్టాడు. పదిరోజుల తర్వాత మేము వెళ్లేసరికి ఆ తల్లి లేచి కూర్చొని జావ త్రాగుతున్నది. జబ్బు పోలేదు. కాని నిద్రపట్టింది, మనుమరాలితో మాట్లాడే ఓపిక వచ్చింది. "ఇన్నాళ్లూ బీరువాలో పెట్టుకొన్నామండీ" అని కుమారుడు తలవంచుకొన్నాడు.