యూనిట్ పరీక్షలలో స్టబ్ పద్ధతి - పరీక్షకు అనువైన కోడ్ నిర్మాణం

1. ఉపోద్ఘాతం:
సాఫ్ట్‌వేర్‌లోని ఒక ఫంక్షన్‌ను లేదా క్లాస్‌ను మిగిలిన వ్యవస్థ నుండి విడదీసి పరిశీలించడాన్ని యూనిట్ పరీక్ష అంటారు. అయితే ఆ భాగం సాధారణంగా డేటాబేస్, నెట్‌వర్క్, గడియారం వంటి వాటిపై ఆధారపడి ఉంటుంది. పరీక్ష సమయంలో అసలు ఆధారానికి బదులుగా నిలిచి, ముందుగా నిర్ణయించిన సమాధానాన్ని ఇచ్చేది స్టబ్. జెరార్డ్ మెజారోస్ 2007లో వెలువడిన ‘ఎక్స్‌యూనిట్ టెస్ట్ ప్యాటర్న్స్’ గ్రంథంలో ఇటువంటి ప్రత్యామ్నాయాలను ‘టెస్ట్ డబుల్స్’గా పేర్కొని డమ్మీ, స్టబ్, స్పై, మాక్, ఫేక్ అని వర్గీకరించారు. స్టబ్ సమాధానం అందిస్తుంది. మాక్ తనను పిలిచిన తీరును కూడా సరిచూస్తుంది.

2. ఉదాహరణ - గ్రంథాలయ జరిమానా:
గడువు దాటిన పుస్తకానికి రోజుకు 2 రూపాయల చొప్పున జరిమానా లెక్కించే ఫంక్షన్‌ను పరిశీలించవచ్చు. నేటి తేదీని ఆ ఫంక్షనే కంప్యూటర్ గడియారం నుండి తీసుకుంటే, కోడ్‌లో ఏ దోషమూ లేకున్నా నేడు నెగ్గిన పరీక్ష రేపు విఫలం కావచ్చు. గడియారాన్ని బయటి నుండి అందించేలా కోడ్‌ను మారిస్తే, పరీక్షలో దాని స్థానంలో స్టబ్‌ను ఉంచవచ్చు. ఫిబ్రవరి 28 గడువు గల పుస్తకం మార్చి 1న తిరిగి వస్తే, జరిమానా 2023లో 2 రూపాయలు, లీపు సంవత్సరమైన 2024లో 4 రూపాయలు. ఈ రెండింటినీ ఏ రోజైనా పరీక్షించవచ్చు.

3. నిర్మాణంతో సంబంధం:
కోడ్‌ను ఉన్నచోట సవరించకుండానే దాని ప్రవర్తనను మార్చడానికి వీలున్న స్థానాన్ని మైఖేల్ ఫెదర్స్ 2004 నాటి తన గ్రంథంలో ‘సీమ్’ అన్నారు. పై ఉదాహరణలో గడియారాన్ని అందించే చోటు అటువంటిదే. ఒక ఫంక్షన్‌ను పరీక్షించడానికి అనేక స్టబ్‌లు అవసరమైతే, అది మితిమీరిన బాధ్యతలను మోస్తున్నదని అనుమానించాలి.

4. పరిమితులు:
పరీక్షించవలసిన లెక్కనే స్టబ్ చేస్తే, పరీక్ష స్టబ్‌ను తప్ప మరి దేనినీ నిర్ధారించదు. అంతకంటే సూక్ష్మమైన ప్రమాదం మరొకటి ఉంది. స్టబ్ భారతీయ తేదీని ఇస్తూ, అసలు సర్వర్ యూటీసీ తేదీని ఇస్తున్నదనుకుందాం. అర్ధరాత్రి నుండి ఉదయం 5:30 వరకు సర్వర్ ముందురోజు తేదీనే చూపుతుంది. ఆ వేళలో ఆన్‌లైన్‌లో గడువు పొడిగించుకున్న పాఠకునికి ఒక రోజు జరిమానా తగ్గుతుంది. యూనిట్ పరీక్షలు మాత్రం అన్నీ నెగ్గుతాయి.

5. ముగింపు:
స్టబ్ అనేది అసలు ఆధారం గురించి రచయిత చేసుకున్న ఊహ మాత్రమే. ఆ ఊహ నిజమో కాదో తేల్చడానికి, అసలు గడియారంతో నడిచే కొన్ని సమీకృత పరీక్షలు కూడా ఉండాలి.