సరిహద్దు దాటడానికి అర నిమిషం

సరిహద్దు అనగానే ముళ్ళకంచె, తుపాకీ పట్టిన సిపాయి మనస్సులో మెదులుతారు. కాని కార్ఖానాలో కాపురముండే వారికి సరిహద్దు శంషాబాదులోనే వున్నది. అమెరికాలోని కొడుకు దగ్గరకు పోయే తల్లిదండ్రులు లెక్కప్రకారం దేశం దాటేది అక్కడి ఇమిగ్రేషను బల్ల దగ్గరే.

2008 మార్చి దాకా విమానాలు బేగంపేట నుంచే ఎగిరేవి. ఆటో ఎక్కి దిగేంత దూరం! ఇప్పుడు నగరం ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి. పోయి, సామాను అప్పగించి, మళ్ళీ వరుసలో నిలబడాలంటే మోకాళ్ళ నొప్పులున్నవారి పాట్లు చెప్పనలవి కాదు.

ఈ వరుస తప్పించడానికే కేంద్రప్రభుత్వం 2024 జూన్‌లో ఢిల్లీలో ఒక ఏర్పాటు చేసింది. 2025 జనవరి 16న అది శంషాబాదుకూ వచ్చింది. పేరు కొంచెం పొడుగు: ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ – ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రాం. ఇంటర్నెట్టులో దరఖాస్తు పెట్టాలి. విచారణ అయ్యాక వ్రేలిముద్రలు, ముఖచిత్రం ఇచ్చి రావాలి. ఇక ప్రయాణం రోజున ఇ-గేటు దగ్గర పాస్‌పోర్టు, బోర్డింగు పాసు చూపితే, యంత్రం మనిషిని పోల్చుకొని తలుపు తీస్తుంది. అర నిమిషం చాలునని ప్రభుత్వం వారి మాట. నమోదు ఐదేళ్ళు చెల్లుతుంది. పాస్‌పోర్టు గడువు ముందే తీరితే అంతవరకే.

సింగపూరు వారు ఇంకా ముందున్నారు. 2024 మార్చి నుంచి మలేషియా సరిహద్దులో కారులోని పదిమంది దాకా ఒకే క్యూఆర్ కోడుతో దాటిపోవచ్చును.

మన దగ్గర చిక్కల్లా వ్రేళ్ళతోనే. నలభై ఏళ్ళు అంట్లు తోమి, పిండి రుబ్బిన ఇల్లాలి వ్రేళ్ళపై గీతలు మిగలవు. ముద్రలు పడని దరఖాస్తు ముందుకు సాగదని నిబంధన. వరుసలో నిలబడలేని వారికే వరుస తప్పకపోవడం ఏం న్యాయమో! అటువంటివారు టిక్కెట్టు కొనేటప్పుడే వీల్‌చైరు కావాలని విమాన కంపెనీకి చెప్పుకోవడం మంచిది.

మిగిలినవారు ప్రయాణానికి చాలాముందే దరఖాస్తు పెట్టుకోవాలి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువుండాలి.

ఇదంతా ఈ ఒడ్డు సంగతి. అమెరికా వారి గ్లోబల్ ఎంట్రీలో 2017 నుంచి భారతీయులకూ చోటున్నది గాని, దానికి రుసుము, ఇంటర్వ్యూ వేరే. అది లేనివారు అక్కడి అధికారి ఎదుట నిలబడవలసిందే. "ఎన్నాళ్ళుంటారు?" అన్న ప్రశ్నకు జవాబు అబ్బాయినడిగి ఇంటి దగ్గరే ఖాయం చేసుకొని బయలుదేరండి.