చెయ్యి పట్టుకుంటే భయం ఎందుకు తగ్గుతుంది?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటింది. అక్కడి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. ఊళ్లు చీకట్లో మగ్గాయి. అలాంటప్పుడు పక్కింటి మామ్మ గిన్నెడు వేడన్నం తెచ్చి, మీ చెయ్యి పట్టుకుని “మేమున్నాం కదమ్మా” అందనుకోండి. గుండెదడ తగ్గుతుంది. కూలిన చెట్టయితే లేవలేదు కదా, మరి ధైర్యం ఎలా వచ్చింది?

మన మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే భాగాలు వాకిట్లో కుక్కలాంటివి. ఒంటరిగా ఉంటే ప్రతి చప్పుడుకీ మొరుగుతాయి. తోడు దొరికితే సద్దుమణుగుతాయి. 2006లో అమెరికా శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. కరెంటు షాక్ తగులుతుందేమోనని బెదిరిన మహిళల చెయ్యి భర్త పట్టుకుంటే మెదడులో అలజడి బాగా తగ్గింది. ముక్కూమొహం తెలియనివాళ్లు పట్టుకున్నా కొంత తగ్గింది! ఆపదలో ఆదుకున్నవాళ్లను “దేవుడిలా వచ్చారు” అని పెద్దలు ఊరికే అనరు.

ఈసారి తుపాను హెచ్చరిక రాగానే, మీ వీధిలో ఒంటరిగా ఉండే మామ్మను మీ ఇంటికి పిలుచుకు రండి.