టర్బోనా.. ఇంజిన్ మార్పిడా?

కోర్ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఎదురైతే ఏం చెబుతారు?

కోర్ కంపెనీలో ఇంటర్వ్యూకి కూర్చున్నారనుకోండి. రెజ్యూమెలో 'ఆటోమొబైల్స్ అంటే ఆసక్తి' అని రాశారు. ఎదురుగా ఉన్న సీనియర్ ఇంజినీర్ ఆ ముక్కనే పట్టుకున్నారు. 'ఓ పాత కారుంది. పవర్ చాలట్లేదు. ఉన్న ఇంజిన్‌కే టర్బో బిగిస్తావా, ఇంజినే మార్చేస్తావా?'

'టర్బోనే సార్' అని మీరు తడుముకోకుండా చెప్పేస్తారు. 'ఎందుకు?' అని అడిగితే 'పవర్ పెరుగుతుంది కదా సార్' అంటారు. 'ఎంత పెరుగుతుంది? దాంతోపాటు ఇంకేం పెరుగుతాయి?' అన్నది తర్వాతి ప్రశ్న. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. టర్బో అన్నందుకో, మార్పిడి అన్నందుకో మార్కులు పడవు. ఆ మాటకి వెనకున్న లెక్కకే పడతాయి. ఆ లెక్క థర్మోడైనమిక్స్ పాఠంలో మీరు చదివిందే. ఓసారి చేసి చూద్దాం.

కాగితం మీద ఓ కారు

ఈ ప్రశ్నకి అమెరికాలో బాగా నలిగిన ఉదాహరణ హోండా సివిక్. 1992-95 మధ్య అక్కడ అమ్మిన కొన్ని సివిక్ మోడళ్లలో డీ16జెడ్6 అనే 1.6 లీటర్ల ఇంజిన్ ఉండేది. శక్తి 125 హార్స్‌పవర్, టార్క్ 144 న్యూటన్ మీటర్లు. అదే కంపెనీ ఇంటిగ్రా జీఎస్-ఆర్ కారులో బీ18సీ1 అనే 1.8 లీటర్ల ఇంజిన్ వాడింది. దాని శక్తి 170 హార్స్‌పవర్. సివిక్ ఉన్న కుర్రాళ్ల ముందు రెండు దారులుండేవి. డీ ఇంజిన్‌కి టర్బో పెట్టడం, లేదంటే దాన్ని దించేసి బీ ఇంజిన్ ఎక్కించడం.

టర్బో దారి చూద్దాం. బయటి గాలి పీడనం సుమారు 1 బార్. దానిమీద మరో అర బార్ బూస్ట్ ఇస్తే పీడన నిష్పత్తి దాదాపు 1.5. 'అయితే 125 ఇంటూ 1.5.. 187 హార్స్‌పవర్' అనేయకండి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినప్పుడు చేతికి తగిలే వేడి ఇదే. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, 27 డిగ్రీల సెల్సియస్‌తో లోపలికెళ్లిన గాలి 80 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. వేడి గాలి పల్చగా ఉంటుంది. కాబట్టి సాంద్రత ఒకటిన్నర రెట్లు కాదు, సుమారు 1.27 రెట్లే పెరుగుతుంది. అంటే 160 హార్స్‌పవర్‌కి కాస్త అటూఇటూ. ఇంటర్‌కూలర్ పెట్టి ఆ గాలిని 45 డిగ్రీలకు చల్లారిస్తే సాంద్రత 1.4 రెట్లవుతుంది. శక్తి 175కి చేరుతుంది. గొట్టాల్లో పోయే పీడనాన్ని, ఇగ్నిషన్ టైమింగ్ తగ్గించడం వల్ల పోయేదాన్ని తీసేస్తే 170 దగ్గర ఆగుతుంది.

గమనించారా? రెండు దారులూ ఒకే అంకెకి చేరాయి. అంటే ఎంపికను తేల్చేది హార్స్‌పవర్ కాదు. అసలు ఇంజినీరింగ్ ఇక్కడి నుంచే మొదలవుతుంది.

టర్బో ఏం అడుగుతుంది?

టర్బో పెట్టడమంటే ఓ నత్తగుల్ల ఆకారపు పరికరాన్ని బోల్టులతో బిగించడం ఒక్కటే కాదు. ఆ ఇంజిన్‌ని తయారుచేసినవాళ్లు ఊహించని భారం దానిమీద వేస్తున్నారు.

నాకింగ్: డీ16జెడ్6 కంప్రెషన్ నిష్పత్తి 9.2:1. అప్పటికే నొక్కిన గాలిని సిలిండర్లో మళ్లీ అంత నొక్కితే మిశ్రమం స్పార్క్ తర్వాత సాఫీగా మండాల్సింది పోయి, ఒక మూల తనంతట తానే పేలుతుంది. పిస్టన్ అంచులు విరగడానికి ఇది చాలు. కాబట్టి బూస్ట్‌లో టైమింగ్ వెనక్కి జరపాలి.

ఇంధనం: గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. 125 హార్స్‌పవర్‌కి ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి దాదాపు 200 సీసీల సామర్థ్యంతో ఉంటే సరిపోతుంది. 175కి 330 సీసీల దాకా కావాలి. దానికి తగ్గ పంపు, ఈసీయూలో కొత్త మ్యాప్ తప్పవు.

ఆయిల్, వేడి: టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దానికి ఆయిల్ వెళ్లే లైను, తిరిగొచ్చే లైను వేయాలి. రేడియేటర్ మీద భారం పెరుగుతుంది.

టార్క్: అదే నిష్పత్తిలో టార్క్ 200 న్యూటన్ మీటర్ల దాకా పెరుగుతుంది. పాత క్లచ్, గేర్‌బాక్స్, కనెక్టింగ్ రాడ్లు దాన్ని తట్టుకోవాలి.

మంచి వైపూ ఉంది. మౌంట్లు, గేర్‌బాక్స్, యాక్సిళ్లు పాతవే ఉంటాయి. మిడ్ రేంజ్‌లో లాగే గుణం బాగా పెరుగుతుంది. ఇంకొంచెం పవర్ కావాలంటే బూస్ట్ పెంచుకోవచ్చు. అలా 'ఇంకొంచెం' అనుకుంటూ పోయి ఇంజిన్లు పగలగొట్టుకున్నవాళ్లే ఎక్కువ.

ఇంజిన్ మార్పిడి ఏం అడుగుతుంది?

బీ18సీ1 కంపెనీ నుంచే 170 హార్స్‌పవర్‌తో వచ్చింది. ఆ శక్తికి తగ్గ పిస్టన్లు, రాడ్లు, కూలింగ్, ఈసీయూ మ్యాప్ అన్నీ పరీక్షలు దాటినవే. నమ్మకం విషయంలో ఇది పైచేయి.

అయితే డీ ఇంజిన్ గేర్‌బాక్స్ బీ ఇంజిన్‌కి కూర్చోదు. కాబట్టి గేర్‌బాక్స్, యాక్సిళ్లు, మౌంట్లు, ఈసీయూ, వైరింగ్.. అన్నీ కలిపి తేవాలి. 170 హార్స్‌పవర్ అందేది 7,600 ఆర్‌పీఎం దగ్గర. టార్క్ మాత్రం 174 న్యూటన్ మీటర్లే. అంటే ఒకే హార్స్‌పవర్ ఉన్నా టర్బో కారు తొక్కగానే లాగుతుంది, ఇది తిరిగేకొద్దీ లాగుతుంది. పైగా సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఎలా వాడారో తెలియదు. కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్ చేయకుండా కొంటే ఎవరి తలనొప్పినో మీరు డబ్బిచ్చి తెచ్చుకున్నట్టే.

పెనుకొండలో ఏం చేశారు?

ఇదే ప్రశ్న కార్ల కంపెనీలకూ వస్తుంది. శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండలో తయారయ్యే కియా సెల్టోస్‌ని చూడండి. 2023లో వచ్చిన మోడల్‌లో పెట్రోల్ ఇంజిన్లు రెండూ 1.5 లీటర్లవే. మామూలుది 115 పీఎస్, 144 న్యూటన్ మీటర్లు. టర్బోది 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లు. మామూలు ఇంజిన్‌కే టర్బో తగిలించారనుకుంటే పొరపాటే. మొదటిది 1,497 సీసీ, రెండోది 1,482 సీసీ. ఇంధనం చిమ్మే పద్ధతీ వేరు. మొదటిదాంట్లో పెట్రోల్‌ని పోర్టులో చిమ్మితే, రెండోదాంట్లో నేరుగా సిలిండర్లోకే చిమ్ముతారు. అలా చిమ్మిన పెట్రోల్ ఆవిరవుతూ లోపలి గాలిని చల్లబరుస్తుంది, నాకింగ్ ముప్పు తగ్గుతుంది. అంటే కంపెనీ టర్బోని ఎంచుకుంది, కానీ దానికోసం ఇంజిన్‌నే మార్చింది. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ఉదాహరణ చెప్పగలిగితే మీ మాటకి బరువొస్తుంది.

నాన్న కారు జోలికి వెళ్లొద్దు

'ప్రాజెక్టు కోసం ఇంట్లో ఉన్న పాత కారుకి చేసేద్దాం' అనిపించొచ్చు. ఆగండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకి, ఆర్‌సీలో ఉన్నవాటికి తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణతో, ఇలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి రూ.5 వేల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. యజమాని అంటే మీరు కాదు, ఆర్‌సీ మీద పేరున్న మీ నాన్న. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది.

అమెరికా వెళ్తే స్వేచ్ఛ అనుకోకండి. కాలిఫోర్నియాలో టర్బో కిట్‌కి అక్కడి వాయు వనరుల బోర్డు ఇచ్చిన అనుమతి నంబరుండాలి. మార్చిన ఇంజిన్ కారు మోడల్ సంవత్సరానిదో, ఆ తర్వాతిదో అయ్యుండాలి. దానితో వచ్చిన ఉద్గార నియంత్రణ పరికరాలన్నీ ఉంచాలి. ఎమ్మెస్‌కి వెళ్లి చవగ్గా దొరికిందని మార్పులు చేసిన కారు కొనేముందు ఇది గుర్తుంచుకోండి.

మరి చేతులకు గ్రీజు అంటేదెక్కడ?

దానికి సరైన చోటు విద్యార్థుల ఫార్ములా పోటీలు. కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ లాంటివన్నమాట. అక్కడా ఇదే ప్రశ్న వేరే రూపంలో ఉంటుంది. ఇంజిన్ 710 సీసీ దాటకూడదు. పీల్చే గాలంతా 20 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్ గుండానే రావాలి. ఆ రంధ్రం గుండా గాలి ధ్వని వేగాన్ని అందుకున్నాక ఇంకెంత లాగినా పెరగదు. లెక్క వేస్తే సెకనుకి సుమారు 74 గ్రాములే హద్దు.

373 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్ 8,500 ఆర్‌పీఎం దగ్గర పీల్చేది 28 గ్రాములే. సగం కూడా కాదు. టర్బోకి బోలెడంత చోటుంది. 600 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్ 12,000 ఆర్‌పీఎం దగ్గర టర్బో లేకుండానే 60 గ్రాములు దాటేస్తుంది. ఇక మీ జట్టు తేల్చుకోవాల్సింది బరువు, బడ్జెట్, చేతిలో ఉన్న నెలలు. సింగిల్ సిలిండర్‌కి టర్బో పెడితే గాలి ఆగి ఆగి వస్తుంది, దాన్ని సర్దడానికి తగినంత ప్లీనం కావాలి. టర్బో ఉన్నప్పుడు రిస్ట్రిక్టర్, కంప్రెసర్, ఆ తర్వాతే థ్రాటిల్ అన్న వరసా పాటించాలి. కారు పూర్తికాకపోయినా ఈ లెక్కలు రాసుకున్న ఫైలు మీ దగ్గరుంటే, డబ్బులిచ్చి కొన్న రెడీమేడ్ ప్రాజెక్టు కంటే అదే వెయ్యి రెట్లు మేలు.

జవాబు ఇలా కడితే..

* ముందు ఎదురు ప్రశ్న వేయండి: 'ఎంత పవర్ కావాలి సార్? రోడ్డుకా, ట్రాక్‌కా?' దీన్ని తప్పించుకోవడం అనుకోరు. పనిచేసే ఇంజినీర్ మొదట అడిగేది అదే.
* లక్ష్యాన్ని గాలి లెక్కలోకి మార్చండి. సివిక్ ఉదాహరణలో టర్బో ఇంజిన్‌కి నిమిషానికి దాదాపు 8 కిలోల గాలి కావాలి. ఆ బిందువు కంప్రెసర్ మ్యాప్‌లో ఎక్కడ పడుతుందో చెప్పండి.
* మొదట విరిగేదేంటో చెప్పండి: పిస్టనా, క్లచ్చా, ఇంజెక్టరా?
* మొత్తం ఖర్చు చెప్పండి. కిట్ ధరొక్కటే కాదు. ట్యూనింగ్, కూలింగ్, కారు ఆగిపోయే రోజులు కూడా కలపండి.
* చట్టాన్ని ప్రస్తావించండి. ఫ్రెషర్లలో ఈ మాట ఎత్తేవాళ్లు తక్కువ.
* చివర్లో ఒక నిర్ణయం చెప్పండి. 'రెండూ మంచివే సార్' అని మాత్రం అనకండి.

ఉదాహరణకు: '40 శాతం లోపు పెంపు, మిడ్ రేంజ్ టార్క్ ముఖ్యం, ఇంజిన్ కంప్రెషన్ బాగుంటే తక్కువ బూస్ట్‌తో టర్బో. ఇంజిన్ ఇప్పటికే అరిగిపోయి ఉంటే, ఏళ్ల తరబడి నమ్మకంగా నడవాలంటే మార్పిడి.' ఇదీ నిలబడే జవాబు.

ఈ చదువుకి చోటెక్కడ?

ఇంజిన్ క్యాలిబ్రేషన్, టెస్టింగ్, థర్మల్ విభాగాల్లో రోజూ జరిగేది ఈ బేరీజే. టర్బోల రంగంలో పుణెలో గ్యారెట్, కమిన్స్, చెన్నైలో టర్బో ఎనర్జీ లాంటి సంస్థలున్నాయి. వాహన పరీక్షలకు పుణెలోని ఏఆర్‌ఏఐ ఉంది. మ్యాట్‌ల్యాబ్-సిములింక్, జీటీ-పవర్, ఇంకా లాంటి టూల్స్‌లో ఒక్కటైనా చేతపట్టండి. అవేవీ అందుబాటులో లేవా? ఎక్సెల్ చాలు. పైన చేసిన లెక్కని ఈ రాత్రే షీట్‌లో వేయండి. బూస్ట్ 0.3 నుంచి 0.8 బార్ దాకా మార్చి గాలి వేడి, శక్తి ఎలా మారుతున్నాయో గ్రాఫ్ గీయండి. విద్యుత్ కార్లు వస్తున్నాయి కదా అంటారా? మోటారును పెంచాలా, బ్యాటరీని మార్చాలా అన్న ప్రశ్న అక్కడా ఉంది. ఆలోచించే పద్ధతి ఇదే.

రెజ్యూమెలో 'ఆటోమొబైల్స్ అంటే ఆసక్తి' అన్న వాక్యం తీసేసి, ఆ గ్రాఫ్ గురించి ఒక్క లైను రాయండి. ఈసారి ప్యానెల్ దాన్ని పట్టుకుంటే మీకు భయం ఉండదు.