చెవిపోటా, దవడ నొప్పా?

“హకీం సాబ్, చెవిలో పోటు. నూనె కాచి పోసినా తగ్గలేదు” అంటూ వచ్చేవారిలో కొందరికి చెవి బాగానే ఉంటుంది. నొప్పి ఉన్నది దవడ కీలులో.

చెవి రంధ్రానికి సరిగ్గా ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే ఆ కీలు. దానికీ, చెవి ముందు భాగానికీ స్పర్శ తెలిపేది ఒకే నరం. మెదడు నుంచి వచ్చే అయిదో నరానికి అది ఒక కొమ్మ. అందుకే కీలు నొప్పి చెవిపోటులా తోస్తుంది. నిద్రలో పళ్లు కొరికేవారికి, రోజంతా వక్క నమిలేవారికి చెంప, కణత కండరాలు అలసి తలనొప్పి కూడా వస్తుంది.

దీనికి మొదటి మందు విశ్రాంతి. రెండు వారాలు కిచిడీ, జావ వంటి మెత్తటి ఆహారం తీసుకోండి. వక్క మానండి. రోజుకు రెండుసార్లు 10 నిమిషాలు వేడి గుడ్డతో కాపడం, అంటే తక్మీద్ చేయండి. తర్వాత రోగన్ బాబూనాతో చెంపను, కణతను మెల్లగా మర్దన చేయండి. ఆవులింత వస్తే గడ్డం కింద చేయి ఆనించండి. చెవిలో మాత్రం నూనె పోయకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే హాని.

రెండు సంగతులు మరువకండి. గుట్కా, వక్క అలవాటున్నవారి నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టకపోతే, కారం తగిలితే మండితే, లోపలి పొర బిగుసుకుపోతున్నదేమో దంతవైద్యుడికి చూపించండి. అది క్యాన్సర్‌కు దారితీయవచ్చు. దవడ నొప్పితో ఛాతీ బరువు, చెమట, ఆయాసం ఉంటే గుండెపోటు కావచ్చు. కాపడం పెడుతూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.